బరోలో వాలు మీద నడక, గ్లాసులో వగరు

రోము, ఫ్లోరెన్సు, వెనిస్ చూసుకున్నాక యాత్రలో ఒక రోజు మిగిలితే ద్రాక్షతోటలో నడిచి, వైన్ రుచి చూసి వచ్చే కార్యక్రమానికి పేరు రాయించుకునే తెలుగువాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. తోట బాగుంటుంది, ఫోటోలు ఇంకా బాగుంటాయి. నాలుగైదు గ్లాసులు వరుసగా ముందుకొస్తాయి, గైడు చెప్పినదాంట్లో సగం అర్థమవుతుంది. ఇంటికొచ్చాక గుర్తుండేది మాత్రం ఏది తియ్యగా ఉందో, ఏది నోరు పట్టేసిందో అన్నంతవరకే. ఇందులో ప్రయాణికుడి తప్పు పెద్దగా లేదు. ఇటలీ వైన్ వ్యవహారం బయటివాళ్ళకు నిజంగానే చిక్కుముడి. ఒక సీసా మీద ఊరి పేరుంటుంది, ఇంకో సీసా మీద ద్రాక్ష రకం పేరుంటుంది, మూడో సీసా మీద ఫలానా కొండవాలు పేరుంటుంది. మూడింటిలో ఏది ఏదో చెప్పే గుర్తు మాత్రం ఎక్కడా ఉండదు.

ఈ ముడి విప్పడానికి ఇటలీ మొత్తాన్ని నెత్తికెత్తుకోనక్కరలేదు. ఒక్క ప్రాంతాన్ని గట్టిగా పట్టుకుంటే మిగిలినవి దాని వెంటే వస్తాయి. నేను ఎంచుకున్నది వాయవ్య ఇటలీలో, పీడ్‌మాంట్ రాష్ట్రంలో, ఆల్బా పట్టణానికి దక్షిణంగా పరుచుకున్న లాంగే కొండలు, వాటిలో పుట్టే బరోలో వైన్. ఇక్కడ గైడుతో కలిసి చేసే నడకను, ఆ తరువాతి గ్లాసును రెండు వేరువేరు వినోదాలుగా చూస్తే రెండూ వృథా. వాలు మీద కళ్ళతో చూసినదాన్ని గ్లాసులో నాలుకతో సరిచూసుకోవడమే అసలు పని. ఆ పనికి కావలసిన ఒక ముఖ్యమైన మాట తెలుగువాళ్ళ నోట్లో ముందే ఉంది. దాని సంగతి గ్లాసు దగ్గర చెప్పుకుందాం.

లాంగే కొండలు పెద్ద ఎత్తైనవేమీ కావు. బరోలో వైన్ కోసం ద్రాక్ష పండించే తోటలు సముద్రమట్టానికి 170 మీటర్ల నుంచి 540 మీటర్ల మధ్య మాత్రమే ఉండాలని నిబంధన. కొండ నెత్తిన ఒక ఊరు, ఊరి నడుమ ఒక కోట గాని గంటస్తంభం గాని, అక్కడి నుంచి కిందికి దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్ష వరుసలు. ఎటు తిరిగినా ఇదే దృశ్యం. 2014లో యునెస్కో లాంగే, రోయెరో, మోన్‌ఫెర్రాతో తోటల భూదృశ్యాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బరోలో అన్న పేరు ఒక ఊరిది. కానీ ఆ పేరుతో వైన్ చేసుకునే హక్కు పదకొండు గ్రామాలకు ఉంది. బరోలో, కాస్తిల్యోనే ఫల్లెత్తో, సెర్రాలుంగా గ్రామాలు పూర్తిగాను, లా మోర్రా, మోన్‌ఫోర్తే, వెర్దూనో, నొవెల్లో వంటి తక్కిన ఎనిమిది కొంత మేరకు ఆ హద్దులోకి వస్తాయి. అన్నీ కలిపినా తోటల విస్తీర్ణం రెండు వేల హెక్టార్లకు కాస్త పైన, అంటే సుమారు అయిదున్నర వేల ఎకరాలు. మన వైపు ఒక పెద్ద చెరువు కింది ఆయకట్టు అంత కూడా ఉండకపోవచ్చు.

తోటలోకి అడుగుపెట్టగానే మన కంటికి మొదట వింతగా తోచేది పందిరి లేకపోవడం. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ తోటలను చూసినవాళ్ళకు ద్రాక్ష అంటే తలకు పైన పరుచుకున్న తీగ, కిందికి వేలాడే గుత్తులు, నడిచేవాడికి చల్లటి నీడ. తినే ద్రాక్షకు అదే పద్ధతి. కాయ పెద్దదై రసం నిండాలి, ఎండకు కమిలిపోకూడదు. లాంగేలో తీగలు నడుము ఎత్తు నుంచి మనిషి ఎత్తు వరకు ఇనుప తీగలకు కట్టి కంచెలా నిలబెట్టి ఉంటాయి. శీతాకాలపు కత్తిరింపులో ఒక్క పొడవాటి కొమ్మను ఉంచి మిగిలినవి తీసేస్తారు. ఆ కొమ్మను వంచి అడుగు ఇనుప తీగకు కడతారు, వసంతంలో దాని కణుపుల నుంచే కొత్త రెమ్మలు లేస్తాయి. ఇలా కట్టడి చేస్తే తీగ తన బలాన్ని ఆకులకూ తీగలకూ ఖర్చుపెట్టకుండా కొద్దిపాటి గుత్తుల్లోకి పంపుతుంది. బరోలో కోసం హెక్టారుకు ఎనిమిది టన్నులకు మించి పండించకూడదు. దిగుబడి ఎక్కువైతే సంతోషించే రైతులనే చూసిన కళ్ళకు ఇది తలకిందుల లెక్కలా కనిపిస్తుంది.

తీగ మొదలు దగ్గర వంగి చూస్తే నేలకు జానెడు ఎత్తులో బుడిపెలాంటి ఉబ్బు ఒకటి కనిపిస్తుంది. అది అంటు కట్టిన చోటు. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు అమెరికా నుంచి యూరప్‌కు చేరి ద్రాక్ష వేళ్ళను తినేసింది. మందులు పని చేయలేదు. ఆ పురుగుకు అలవాటుపడిన అమెరికా ద్రాక్ష వేరు మీద యూరప్ ద్రాక్ష కొమ్మను అంటుకట్టడం ఒక్కటే నిలిచిన ఉపాయం. నూజివీడు మామిడి తోటలో పెరిగినవాళ్ళకు ఈ ముక్క ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

వరుస చివర గులాబీ మొక్క ఉంటే గైడు తప్పకుండా ఆగుతాడు. బూడిద తెగులు ముందు గులాబీకి వస్తుంది కాబట్టి అది రైతుకు హెచ్చరిక గంట అని చెబుతాడు. కథ ముచ్చటగా ఉంటుంది గాని సగమే నిజం. గులాబీకి వచ్చే బూడిద తెగులు, ద్రాక్షకు వచ్చే బూడిద తెగులు వేరువేరు శిలీంధ్రాల పని. రెండింటికీ ఒకే రకం వాతావరణం నచ్చుతుంది, అంతే. గులాబీని వదిలి ఆ వరుసలోని పాత స్తంభాలను చూడడం మేలు. వాటి మీద నీలిపచ్చ మరకలు ఉంటాయి. అది మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. మన కడప బత్తాయి తోటల్లో, కోనసీమ తమలపాకు తోటల్లో వాడే అదే మందు. సేంద్రియ తోటలకు కూడా బూజు తెగులుకు ఇప్పటికీ అదే దిక్కు. అయితే రాగి నేలలో పేరుకుపోతుంది కాబట్టి ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోల రాగి దాటకూడదని యూరోపియన్ యూనియన్ గీత గీసింది. సేంద్రియం అన్న మాట చెవిన పడగానే మందే లేదనుకునే వాళ్ళు ఈ మరకల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

ఇక వాలు సంగతి. నడకలో డబ్బు పెట్టి కొనుక్కునేది ప్రధానంగా దీన్నే అని నా ఉద్దేశం. ఏదైనా ఒక ఎత్తు మీద నిలబడి ఎదుటి కొండను పైనుంచి కిందికి చూస్తే, ఒకే కొండ మీద నాలుగైదు రకాల పంటలు కనిపిస్తాయి. దక్షిణానికో నైరుతికో తిరిగి ఎండ నిండా పడే నడిమి భాగంలో బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్ష. దాని పక్కన ఎండ కాస్త తక్కువ పడేచోట బార్బేరా. ఇంకా చల్లటి చోట త్వరగా పండే డోల్చెత్తో. ఉత్తరానికి తిరిగిన వాలు మీద హేజల్‌నట్ తోటలు లేదా అడవి. లోయ అడుగున పాప్లర్ చెట్లు. ఇది ఎవరో గీసిన పటం కాదు, తరతరాల నష్టాలు నేర్పిన పంపకం. నెబ్బియోలో చాలా ముందుగా చిగురించి చాలా ఆలస్యంగా, అక్టోబరులో పండే రకం. అంటే చలి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి దాన్ని బెదిరిస్తుంది. అందుకే ఉన్నవాటిలో అతి వెచ్చని చోటు దానికే ఇచ్చారు. శీతాకాలంలో మంచు ఎక్కడ ముందు కరిగితే అక్కడ నెబ్బియోలో నాటాలి అన్నది పాత రైతుల కొలత. ఎండ పట్టే వాలును స్థానిక భాషలో సోరీ అంటారు, కొండ నెత్తిని బ్రిక్కో అంటారు. సీసాల మీద ఈ రెండు మాటలూ తరచు కనిపిస్తాయి. వాటిని చూడగానే అది మనిషి పేరో కంపెనీ పేరో కాదని, నేల తీరు అని తెలిస్తే సగం లేబుల్ చదివినట్టే.

ఈ పంపకంలో మూలకు నెట్టిన హేజల్‌నట్‌కు తరువాత వేరే అదృష్టం పట్టింది. 1946లో ఆల్బాలో మొదలైన ఫెర్రెరో కంపెనీ యుద్ధం తరువాతి కోకో కొరతలో ఈ గింజలనే కలిపి మిఠాయి చేసింది. మన పిల్లలు రొట్టెకు రాసుకునే నుటెల్లాకు మూలం ఆ ఉత్తరపు వాలులే. అప్పట్లో ఈ కొండల్లో వ్యవసాయం కడుపు నింపేది కాదు. యువకులు తురిన్‌లోని ఫియట్ కార్ల ఫ్యాక్టరీకి వలసపోయారు. కొండ ఊళ్ళ నుంచి ఫెర్రెరో బస్సులు పనివాళ్ళను పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం దించేవి. ఇవాళ మేలిమి వాలుల్లో హెక్టారు నేల పది లక్షల యూరోలు దాటి పలుకుతున్న చోట ఒక తరం కిందట ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. గైడు ఈ మాట చెప్పకపోతే అడగండి. ముసలివాళ్ళు ఉన్న ఇళ్ళలో దీనికి జవాబు చాలాసేపు వస్తుంది.

పాదాల కింద మట్టి కూడా మాట్లాడుతుంది. కోటి సంవత్సరాలకు పూర్వం ఇదంతా సముద్రపు అడుగు. పడమటి వైపు, అంటే లా మోర్రా, బరోలో ఊళ్ళ వైపు, నేల నీలిబూడిద రంగులో సున్నం కలిసిన బంకమన్ను. తడిగా ఉంటే బూటుకు అతుక్కుంటుంది, ఎండితే గోటితో నలిపితే పొడి అవుతుంది. తూర్పున సెర్రాలుంగా వైపు ఆ బంకమన్నుకు ఇసుక పొరలు తోడవుతాయి, నేల పాతది, గట్టిది, సారం తక్కువ. కాస్తిల్యోనే ఫల్లెత్తో దగ్గర ఇసుకరాయి పొర బయటపడుతుంది. స్థూలంగా చెప్పాలంటే పడమటి బరోలో కాస్త ముందుగా మెత్తబడుతుంది, పరిమళం ముందుకొస్తుంది. తూర్పు బరోలో గట్టిగా, బిగుసుకుని ఉండి ఎక్కువ ఏళ్ళు ఆగమంటుంది. ఈ సూత్రాన్ని వేదవాక్యంలా పట్టుకోకూడదు. వాలు దిక్కు, ఆ ఏటి వాన, చేసిన మనిషి చేయి, ఈ మూడింట్లో ఏదైనా దాన్ని తిరగరాయగలదు.

సెప్టెంబరు చివర్లో వెళ్ళినవాళ్ళకు, యజమాని ఒప్పుకుంటే, ఒక కాయ కోసి నోట్లో వేసుకునే అవకాశం దొరుకుతుంది. తొక్క మీద బూడిదలాంటి పొర ఉంటుంది, వేలితో తుడిస్తే నీలం తేలుతుంది. నెబ్బియోలో అన్న పేరు పొగమంచు అనే అర్థమున్న నెబ్బియా నుంచి వచ్చిందంటారు. కోతల కాలంలో లోయను కప్పే మంచు వల్ల అని కొందరు, కాయ మీది ఈ పొర వల్ల అని కొందరు. గుజ్జు తియ్యగా జారిపోతుంది. అక్కడితో మింగేయకుండా తొక్కను నమలాలి, ఆపైన గింజను కొరకాలి. గింజ ఆకుపచ్చగా మెత్తగా ఉంటే చేదు, పచ్చి వగరు. గోధుమరంగుకు తిరిగి వేయించిన పప్పులా కరకరమంటే పంట చేతికొచ్చినట్టు. యంత్రాలతో చక్కెర కొలిచే ఈ రోజుల్లో కూడా రైతులు కోతకు ముందు గింజలు నములుతూనే ఉంటారు. నోట్లో మిగిలిన ఆ పట్టును గుర్తుపెట్టుకోండి. రెండు గంటల తరువాత గ్లాసులో మళ్ళీ కలిసేది దాన్నే.

లా మోర్రా నుంచి బరోలో వైపు దిగే నడకలు చాలావరకు బ్రునాతే అనే వాలు మీదుగా పోతాయి. అక్కడ తోట నడుమ ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో పిల్లల బొమ్మరిల్లులాంటి చిన్న ప్రార్థనామందిరం ఉంది. 1914లో కట్టారు, ఎన్నడూ ప్రతిష్ఠ జరగలేదు, వడగళ్ళు పడ్డప్పుడు కూలీలు తలదాచుకునే గదిగా మిగిలింది. 1999లో కళాకారులు సోల్ లెవిట్ బయటి గోడలకు, డేవిడ్ ట్రెమ్లెట్ లోపలి గోడలకు రంగులు వేశారు. అందరూ అక్కడ ఫోటో దిగుతారు. ఫోటో అయ్యాక వెనక్కి తిరిగి తోటను చూడండి. బ్రునాతే అన్న ఈ నేల పేరే మీకు రేపు సీసా మీద కనిపిస్తుంది. 2010లో బరోలో ప్రాంతాన్ని ఇలాంటి 181 పేర్లుగా అధికారికంగా విభజించారు. అందులో పదకొండు గ్రామాల పేర్లు పోగా తక్కిన 170 వాలులవి. మన పల్లెల్లో చింతలచేను, పెద్దబావి మడి అని చేలకు పేర్లుండవా, అలాంటివే ఇవీ. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ పేరు ధరను రెట్టింపు చేయగలదు, హద్దు రాయి ఎక్కడన్న గొడవ కోర్టుకెక్కగలదు. బరోలో ఊరి పక్కనున్న కన్నూబి అనే కొండ పేరును చుట్టుపక్కల భాగాలు కూడా వాడుకోవచ్చా అన్న తగాదా అలాగే దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానం దాకా వెళ్ళింది.

ఇప్పుడు లేబుల్ విప్పుదాం. ఒక సీసా మీద బరోలో, బ్రునాతే అని, కింద ఒక ఇంటిపేరు, ఒక సంవత్సరం ఉన్నాయనుకుందాం. బరోలో అంటే ప్రాంతమూ, ఆ ప్రాంతపు నియమాల ప్రకారం చేసిన వైనూ. బ్రునాతే అంటే వాలు. ఇంటిపేరు చేసినవాళ్ళది. సంవత్సరం ద్రాక్ష కోసినది. ద్రాక్ష రకం పేరు ఎక్కడా లేదు, ఎందుకంటే బరోలో అంటే నూటికి నూరుపాళ్ళు నెబ్బియోలోయే అని నియమం. ఆ సంగతి అందరికీ తెలిసినదే అని వాళ్ళ లెక్క. పక్క సీసా మీద బార్బేరా ద'ఆల్బా అని ఉంటే అక్కడ ముందున్నది ద్రాక్ష, వెనకున్నది ప్రాంతం. బంగినపల్లి అంటే ఊరా, మామిడి రకమా అని బయటివాడు అడిగితే మనం రెండూ అంటాం కదా. ఇటలీలో ఈ ఇబ్బంది అడుగడుగునా ఉంటుంది. అన్నింటికన్నా పెద్ద బోల్తా మోంతేపుల్చానో. టస్కనీలో అది ఊరు. ఆ ఊరి నోబిలే వైన్ ప్రధానంగా సాంజోవేజే అనే ద్రాక్షతో చేస్తారు. అబ్రుత్జోలో మోంతేపుల్చానో ఒక ద్రాక్ష. రెండు సీసాలకూ చుట్టరికమే లేదు. ఒకే ద్రాక్షకు పలు పేర్లు ఉండడం మరో చిక్కు. ఈ నెబ్బియోలోనే ఉత్తర పీడ్‌మాంట్‌లో స్పాన్నా అని, ఆల్ప్స్ లోయలో కియావెన్నాస్కా అని పిలుస్తారు.

సీసా మెడకు సీరియల్ నంబరుతో సర్కారు పట్టీ ఒకటి అంటించి ఉంటుంది. అది డీఓసీజీ గుర్తు, అంటే ప్రాంతం, ద్రాక్ష, దిగుబడి, నిల్వ కాలం అన్నీ నియమం ప్రకారమే ఉన్నాయని, అమ్మకానికి ముందు తనిఖీలో నెగ్గిందని హామీ. దాని కన్నా ఒక మెట్టు కింద డీఓసీ, అంతకన్నా సడలింపుగా ఐజీటీ. ఈ చట్రానికి 1963 చట్టం పునాది. బరోలోకు 1966లో డీఓసీ వచ్చింది, 1980లో డీఓసీజీ పొందిన తొలి వైన్లలో అది ఒకటి. మన తిరుపతి లడ్డుకూ, బంగినపల్లి మామిడికీ భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న వార్త చదివినవాళ్ళకు ఈ ఆలోచన కొత్తది కాదు. కానీ మన గుర్తింపు పేరును కాపాడే దగ్గర దాదాపు ఆగిపోతుంది. వాళ్ళది ఏ తోటలో ఎన్ని టన్నులు కాసింది, ఎన్ని నెలలు పీపాలో ఉంది అన్నదాకా వెంటపడుతుంది. పెద్ద మెట్టు అంటే మేలైన రుచి అనుకుంటే మాత్రం మోసపోతాం. ఆ పట్టీ వైన్ ఎక్కడిదో, ఎలా చేశారో చెబుతుంది. బాగుందో లేదో తేల్చుకోవలసింది మన నాలుకే. నియమాలు తమ చేతులు కట్టేస్తున్నాయని 1960, 70లలో టస్కనీలో కొందరు వాటి బయటే వైన్ చేసి, ఏ మర్యాదా లేని మామూలు టేబుల్ వైన్ లేబుల్‌తో అమ్మి, ప్రపంచ ధరలు పొందారు. సస్సికాయియా అలా పేరు తెచ్చుకున్నదే.

ఈ కట్టుదిట్టాలకు ఒక చేదు కారణం కూడా తోడైంది. 1986లో పీడ్‌మాంట్‌లోనే కొందరు వ్యాపారులు చౌక వైన్‌లో మిథనాల్ కలిపారు. ఇరవై మందికి పైగా చనిపోయారు, మరికొందరు చూపు కోల్పోయారు. కల్తీ సారా చావుల వార్తలు చదువుతూ పెరిగిన మనకు ఆ దారుణం ఎలాంటిదో తెలుసు. ఆ దెబ్బకు ఇటలీ వైన్ ఎగుమతులు కుదేలయ్యాయి. ఎక్కువ అమ్మడం కన్నా ఎవరు చేశారో, ఎక్కడ చేశారో చూపించి అమ్మడమే బతుకుదారి అని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. ఇవాళ రైతు తన గేటు తెరిచి ప్రయాణికుణ్ణి నేలమాళిగ దాకా తీసుకెళ్ళడం వెనక ఆ జ్ఞానం కూడా ఉంది. 1993 నుంచి ఏటా మే నెలాఖరులో దేశమంతా వైనరీలు తలుపులు తెరిచే పండుగ జరుగుతోంది. 2017 చివర చేసిన చట్టం, 2019 మార్చి నాటి ఉత్తర్వు ఈ వైన్ పర్యటనను వ్యవసాయానికి అనుబంధ వృత్తిగా గుర్తించి, సందర్శకులకు కనీసం ఏమేం చూపాలో, చెప్పేవాళ్ళకు ఏం తెలిసి ఉండాలో నిర్దేశించాయి.

నేలమాళిగలో చూడవలసింది రెండు పరిమాణాలు. వేల లీటర్లు పట్టే, గది కప్పును తాకే పాత ఓక్ పీపాలు ఒకవైపు. 225 లీటర్ల చిన్న కొత్త పీపాలు ఇంకోవైపు. ద్రాక్ష నలిపాక రసం తొక్కలతోనే కలిసి పులుస్తుంది. రంగూ వగరూ తొక్కల నుంచీ గింజల నుంచీ వస్తాయి. పాత పద్ధతిలో నెల, రెండు నెలలు తొక్కలతోనే ఉంచి, తరువాత పెద్ద పీపాలో ఏళ్ళ తరబడి వదిలేసేవాళ్ళు. అది మెత్తబడడానికి పదేళ్ళు పట్టేది. 1980లలో కొందరు యువకులు తొక్కలతో ఉంచే కాలాన్ని రోజులకు కుదించి, ఫ్రాన్సు నుంచి చిన్న పీపాలు తెచ్చి, త్వరగా తాగదగ్గ, వనిల్లా వాసనలు తేలే బరోలో చేశారు. తండ్రులకు కోపాలొచ్చాయి. తండ్రి పాత పీపాలను కొడుకు రంపంతో కోసేసిన కథ లాంగేలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాత పక్షాన నిలిచిన వైన్ తయారీదారు బార్తోలో మస్కరెల్లో తన చేత్తో బొమ్మ వేసిన లేబుల్ మీద, చిన్న పీపాలూ వద్దు, రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ వద్దు అన్న అర్థం వచ్చేలా రాసుకున్నాడు. ఇప్పుడు గొడవ చల్లారింది, చాలామంది నడిమి దారి పట్టారు. అయినా ఏ వైనరీలో ఏ పరిమాణం పీపాలు ఎక్కువున్నాయో చూస్తే గ్లాసులో ఏం రాబోతోందో ముందే కొంత పసిగట్టవచ్చు. నిల్వ నియమం మాత్రం అందరికీ ఒకటే. కోత సంవత్సరపు నవంబరు 1 నుంచి 38 నెలలు, అందులో 18 నెలలు చెక్కలో. 2021లో కోసిన ద్రాక్షను 2025 జనవరి 1కి ముందు బరోలో పేరుతో అమ్మకూడదు. రిసెర్వా అని రాయాలంటే 62 నెలలు.

ఇంత కఠినమైన వైన్ ఈ కొండల్లో మొదటి నుంచీ ఇలాగే లేదు. 19వ శతాబ్దంలో దానికి ఇప్పటి కీర్తి రావడంలో ఇద్దరి పేర్లు చెబుతారు. ఒకరు బరోలో మార్కీజు అనే ప్రభువు ఇంటికి కోడలుగా వచ్చిన ఫ్రెంచి స్త్రీ జూలియెట్ కోల్బెర్. రెండోవారు మన బడి చరిత్ర పాఠాల్లో ఇటలీ ఏకీకరణ దగ్గర చదువుకున్న కవూర్. ఆయన ప్రధాని కాకముందు పదిహేడేళ్ళు ఇక్కడి గ్రిన్జానే గ్రామానికి మేయరుగా ఉండి తోటలు చూసుకున్నాడు. ఆయన కోట ఇప్పటికీ ఉంది, ఆ గ్రామం పేరే గ్రిన్జానే కవూర్ అయింది.

ఇక బల్ల దగ్గరికి. రుచి వరుస సాధారణంగా డోల్చెత్తోతో మొదలై, బార్బేరా, నెబ్బియోలోతోనే చేసే తేలికపాటి లాంగే నెబ్బియోలో మీదుగా బరోలోకు చేరుతుంది. తేలిక నుంచి బలానికి. ఒక్కో గ్లాసులో పోసేది నాలుగైదు చెంచాలంత. వరుస తిరగేస్తే మొదటి గ్లాసు వగరు మిగతావాటిని మింగేస్తుంది. బరోలో పోయగానే చాలామంది ఆశ్చర్యపడేది దాని రంగుకు. బార్బేరా నేరేడు రసంలా చిక్కగా ఉంటే, బరోలో పలచని దానిమ్మ రంగులో, గ్లాసు అంచున ఇటుక ఛాయతో, వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు కనిపించేంత తేటగా ఉంటుంది. రంగు చూసి బలం లెక్కగట్టేవాళ్ళు ఇక్కడే బోల్తాపడతారు. గ్లాసును కదపకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూడాలి. ఎండిన గులాబీ రేకులు, కాచిన తారు అని పుస్తకాలు అంటాయి. పూజగదిలో మర్నాటి గులాబీలు తీసేటప్పుడు వచ్చే వాసన, కొత్తగా రోడ్డు వేసేటప్పటి వాసన తెలిసినవాళ్ళకు ఈ రెండూ దూరపువి కావు.

తరువాత గుక్క. ముందు పండు, కొంచెం పులుపు, ఆ వెంటనే చిగుళ్ళూ బుగ్గల లోపలి భాగమూ ఎండిపోయినట్టు, నాలుక గరుకుగా మారినట్టు ఒక పట్టు. ఇదే వగరు. తోటలో గింజ కొరికినప్పటి పట్టే ఇది, మూడేళ్ళ నిల్వలో నలిగి నునుపు దేరింది. తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. నోటికి జారుడు పోవడం అందుకే. చాలా దేశాల ప్రయాణికులు దీన్ని చేదు అనో ఘాటు అనో అంటారు. గైడు వాళ్ళకు అది రుచి కన్నా స్పర్శకు దగ్గర అని నచ్చజెప్పవలసి వస్తుంది. మనకు షడ్రుచుల్లో దానికో పీట ఉంది. ఉగాది పచ్చడిలో మామిడి పిందెతో ఏటా పరిచయం చేసుకుంటాం. వక్క, ఉసిరి, నేరేడు, పచ్చి అరటికాయ, వెలక్కాయ, ఇలా వగరులోనే ఎన్ని తేడాలు తెలుసో మనం ఎప్పుడూ లెక్కపెట్టుకోం. బల్ల మీద ఆ తేడాలే పనికొస్తాయి. లా మోర్రా గ్లాసు వగరు మగ్గిన నేరేడులా వచ్చి వెళ్ళిపోతుంది. సెర్రాలుంగా గ్లాసు వగరు వక్కలా చాలాసేపు నిలుస్తుంది. నోట్స్ రాసుకోమన్నప్పుడు ఎరువు తెచ్చుకున్న మాటల బదులు ఇవే రాసుకుంటే ఏడాది తరువాత చదివినా అర్థమవుతుంది.

పక్కనే జున్ను (చీజ్) ముక్కలు, పుల్లల్లాంటి గ్రిస్సీని రొట్టెలు పెడతారు. అవి మర్యాదకు పెట్టినవి మాత్రమే అనుకోకూడదు. జున్నులోని ప్రోటీనూ కొవ్వూ టానిన్లకు దొరికితే అవి మన నోటిని వదిలేస్తాయి. ఒక గుక్క విడిగా, ఒక గుక్క జున్ను తిన్నాక తాగి చూస్తే ఒకే సీసాలో రెండు వైన్లు ఉన్నట్టుంటుంది. శాకాహారులు ఇక్కడ కొంచెం జాగ్రత్తగా అడగాలి. కొన్ని గ్రిస్సీనిలో పంది కొవ్వు కలుపుతారు, చాలా జున్నులను దూడ పొట్టలోని రెన్నెట్‌తో గట్టిపరుస్తారు, ఇక్కడి తయారీన్ అనే సన్నని పాస్తా గుడ్డు సొనతో చేసేది. వైన్‌ను తేటపరచడానికి కూడా కొందరు గుడ్డు తెల్లసొన వాడతారు. అడిగితే చెబుతారు, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఉమ్మడానికి బల్ల మీద ఒక పాత్ర ఉంటుంది. మనవాళ్ళు దాన్ని చూసి మొహమాటపడతారు, పెట్టినదాన్ని ఉమ్మడం అవమానం అనుకుంటారు. అక్కడ అది వృత్తి మర్యాద. నాలుగు గ్లాసులూ మింగినవాడికి అయిదో గ్లాసు గురించి చెప్పడానికి ఏమీ మిగలదు. కారు నడిపేవాళ్ళకు ఇది చట్టం మాట కూడా. ఇటలీలో లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాల్ దాటకూడదు. ఇరవై ఒక్క ఏళ్ళ లోపువాళ్ళకూ, లైసెన్సు వచ్చి మూడేళ్ళు నిండనివాళ్ళకూ అసలు సున్నా. ఈ కొండల రోడ్లు మెలికలు. తాగని మనిషి ఒకరు ఉండాలి, లేదా బండి మాట్లాడుకోవాలి. తాగే అలవాటే లేనివాళ్ళు నడక వరకు నిశ్చింతగా రావచ్చు. వాసన చూడడం వరకే ఉండి, రుచి వదిలేసినా ఆ పూట దండగ కాదు.

రుచి చూపించేవాళ్ళు అమ్మేవాళ్ళు కూడా అన్నది మరచిపోకూడదు. తప్పేమీ లేదు, దాచిపెట్టేదీ లేదు. అయితే బస్సుల్లో గుంపులు దించే చోట తోట పావుగంట, దుకాణం ముప్పావుగంట ఉంటుంది. పేరు రాయించుకునే ముందు మూడు సంగతులు అడిగితే చాలు. నడిచేది సొంత తోటలోనా, ఒకే ఏడాదివి రెండు వేరు వాలుల వైన్లు పక్కపక్కన పోస్తారా, గుంపులో ఎంతమంది? రెండో ప్రశ్నకు అవునన్న చోటు దొరికితే కొంచెం ఎక్కువ ధరైనా వెళ్ళవలసిందే. నేల తేడా నోటికి తెలిసే దారి అదొక్కటే. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆల్బాలో తెల్ల ట్రఫుల్ అనే, నేలలో పుట్టే ఖరీదైన పుట్టగొడుగుల సంత నడుస్తుంది. గదులు దొరకవు, ధరలు మండుతాయి. కోతల హడావిడిలో రైతుకు మనతో మాట్లాడే తీరికా ఉండదు. మే, జూన్ నెలలు నడకకు మేలు. ఆకులు లేతగా, దారులు పొడిగా ఉంటాయి.

నచ్చిన సీసా కొన్నాక మిగిలేది ఇంటి సమస్య. వైనరీ వాళ్ళు మెత్తటి పెట్టెలో కట్టి ఇస్తారు. చేతి సంచిలో విమానం ఎక్కనివ్వరు కాబట్టి బట్టల మధ్య పెట్టి లగేజీలో వేయాలి. భారతదేశంలోకి పన్ను లేకుండా ఒక్కొక్కరు రెండు లీటర్ల వరకు తేవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు. బరోలో పదేళ్ళు దాచితేనే మజా అని గైడు చెప్పిన మాట అక్కడి నేలమాళిగకు సరిపోతుంది, ఏడాది పొడుగునా పన్నెండు, పద్నాలుగు డిగ్రీలు కదలని చోటుకు. విజయవాడలో మే నెల బీరువాలో అదే సీసా ఒక్క వేసవికి ఉడికిపోతుంది, బిరడా పైకి పొడుచుకొస్తుంది. వైన్ కోసం వేరే ఫ్రిజ్ లేని ఇంట్లో తెచ్చినదాన్ని సంక్రాంతి దాటకుండా తెరవాలి. తాగే గంట ముందు వెడల్పు జగ్గులోకి వంచి, పక్కన నెయ్యి వేసిన ముద్దపప్పో, వేయించిన పనీరో పెట్టుకుంటే వగరు దారికొస్తుంది. ఆవకాయ మాత్రం ఆ పూటకు జాడీలోనే ఉండనివ్వండి. కారం తగిలితే ఈ వైన్ వగరు ఇంకా పెళుసెక్కుతుంది.